ఇతరములు, పదకొండు సార్లు

ఆ ఏడు చిక్కుడు కోతలకి వారం ముందు మెదెర్ మా ఇంటికొచ్చి నా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. మెదెర్ నా పాత విద్యార్థి, రసాయన శాస్త్రంలో మూడుసార్లు తప్పిన ఘనుడు. ఇప్పుడు మా పేటలో ఇంటింటికీ ఇంటర్నెట్ తీగ లాగిన కంపెనీకి వాడే మేనేజరు. మా తలాస్ లోయలో మేనేజరంటే తీగ తెగితే నిచ్చెన ఎక్కేదీ వాడే, బిల్లు కట్టకపోతే దిగొచ్చి కోసేదీ వాడే.

మా కోడలు సైకాల్ వాడికి గిన్నెలో మూడు గుక్కల టీ పోసి అందించింది. తాగగానే మళ్ళీ మూడు గుక్కలు పోసింది. మా వైపు కొంచెం కొంచెం పోస్తే ఇంకా కూర్చోమని అర్థం. ఆ పిల్ల ఎవరికీ గిన్నె నింపి ఎరగదు. ఓట్లు అడగడానికొచ్చి రెండు గంటలు కదలని పెద్దమనుషులకు కూడా గిన్నె నిండా పోసి, ఇక తాగి లేవండి అని తెలియజెప్పలేదు. ఆ విషయంలో నాకు చుట్టుపక్కల అత్తగార్ల ముందు కాస్త గర్వంగానే ఉండేది.

మెదెర్ తెచ్చిన కాగితం పేరు 'ప్రశాంత గృహం'. ప్రతి సోమవారం పొద్దున ఇంట్లో వాళ్ళు ఏయే సైట్లు ఏ వేళలో చూశారో ఇంటి పెద్ద ఫోనుకి జాబితా వస్తుందట. పిల్లలు చెడిపోకుండా పెట్టారట. మా ఇంట్లో పిల్లలు లేరు కదరా అన్నాను.

"పిల్లలకే కాదు ఎజే. ఇంటి పెద్దకి ఇంట్లో ఏం జరుగుతుందో తెలియాలి కదా. ఏ గడప తొక్కారో చెప్తాం. లోపలికెళ్ళి ఏం మాట్లాడారో అది మాక్కూడా తెలీదు."

ఎజే అంటే అక్క. టీచర్నీ మేం అలాగే పిలుస్తాం.

"అంటే గడపల సంగతి నీకు ఇప్పటికే తెలుసన్నమాట" అన్నాను.

"తెలియకుండా ఎలా ఉంటుంది? తీగ మాది కదా. మీరు పొద్దున లేవగానే కలల ఫలితాల సైటు చూస్తారు. ఒక్కరోజు తప్పరు."

నా చెవులు కాలిపోయాయి. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి అణువులూ ఆమ్లాలూ చెప్పి, కంటికి కనపడని దాన్ని రుజువు లేకుండా నమ్మకండని బల్ల గుద్ది రిటైరైన దాన్ని. కలలో పళ్ళూడితే ఏమవుతుందో చూసుకుంటున్నానని ఈ మొద్దు విద్యార్థికి తెలుసు. ఆ నిమిషంలో వాణ్ణి లేపి గుమ్మం బయటికి పంపాల్సింది. నేను సిగ్గుపడ్డాను. సిగ్గు కప్పిపుచ్చుకోడానికి గబగబా సంతకం పెట్టేశాను.

మొదటి జాబితా చూసి నవ్వుకున్నాను. మా అబ్బాయి తిలెక్ ట్రాక్టరు సామాన్లు చూశాడు. వాళ్ళ నాన్న వాతావరణమూ, గుర్రాల పోటీలూ చూశాడు. పెళ్ళైన నాటినుంచి ఆయన పేరు నేను పలకలేదు, ఇక్కడి ఆడవాళ్ళం పలకం. తిలెక్ నాన్న అంటే ఆయనే, ముసలాయన అన్నా ఆయనే. ఏ ఫోను ఎవరిదో జాబితాలో ఉండదు, ఇల్లు ఒక్కటే వాళ్ళకి కనపడుతుంది. మనిషిని మనం పోల్చుకోవాలి. నలుగురున్న ఇంట్లో అదేమంత కష్టం అనుకున్నాను.

రెండో సోమవారం నుంచి నాకు నిద్ర కరువైంది.

తెల్లవారుజాము ఐదూ పది. బిష్కెక్‌లో అద్దె గదులు. ఐదూ ఇరవై. నోటరీలు. ఐదున్నర. బిష్కెక్ బస్సు వేళలు. మధ్యమధ్యలో 'ఇతరములు' అని ఉంది. కంపెనీ వాళ్ళు ఏ గంపలో వెయ్యాలో తెలియని సైట్లన్నిటినీ ఆ పేరు కింద పడేస్తారట. మర్నాడు మళ్ళీ అదే వేళకి గదులు, ఇతరములు. ఆ మర్నాడూ అంతే.

ఐదింటికి మా ఇంట్లో లేచి ఉండేదెవరు? ఏ ఇంట్లోనైనా లేచి ఉండేదెవరు? కోడలు. నేను పదిహేనేళ్ళు కోడలిగా ఉన్నాను, ఒక్కరోజు కూడా సూర్యుడు నాకంటే ముందు లేవలేదు. తిలెక్ నూర్పిడి యంత్రం వేసుకుని ఊరూరూ తిరుగుతున్నాడు, నాలుగు రోజులకోసారి వచ్చి బట్టలు మార్చుకుని పోతున్నాడు. ముసలాయనేమో, కోసి పరిచిన చిక్కుడు వరసల్లో పశువులు పడతాయని చీకటి ఉండగానే బూట్లు తొడుక్కుని చేలోకి పోతాడు. మిగిలింది టీ నీళ్ళు కాచే సమోవారు దగ్గర సైకాల్. నాకు రెండూ రెండూ నాలుగు అన్నంత ఖాయంగా అనిపించింది. పిల్ల మా వాణ్ణి వదిలేసి రాజధానికి, బిష్కెక్ వెళ్ళిపోతోంది. నోటరీ దగ్గర ఏదో రాయించుకుని మరీ పోతోంది.

పెళ్ళై రెండేళ్ళు. వేసవి మొదట్లో వాళ్ళిద్దరి మధ్యా ఏదో మాటా మాటా వచ్చింది, గోడవతల నుంచి విన్నాను. ఆ తర్వాత మాటలు తగ్గాయి. ఇవన్నీ ఒక్కొక్కటిగా తెచ్చి ఆ జాబితా పక్కన పేర్చుకున్నాను.

అడగొచ్చు కదా అంటారు. అడిగితే అవునంటుందేమోనని భయం. నా నోటితో అడిగాక ఇక ఆ మాట వెనక్కి పోదు. అందుకని అడగకుండా చూడ్డం మొదలుపెట్టాను. పాలు పితికొచ్చాక కొట్టం దగ్గర ఎంతసేపు ఉంటోంది, ఫోను ఎక్కడ పెడుతోంది, నన్ను చూసి తెర తిప్పేస్తోందా. అన్నిటికంటే ముఖ్యంగా నా గిన్నెలో టీ చూసేదాన్ని. ఏదో ఒక పొద్దున అంచు దాకా పోస్తుందని, ఆ రోజే ప్రయాణమని నా మనసులో పడిపోయింది. ఆ పిల్ల మాత్రం రోజూ మూడు గుక్కలే పోసి, గిన్నె నా వైపు జరిపేది.

మూడో సోమవారం జాబితాలో గదులు తొమ్మిది సార్లు, నోటరీ రెండు సార్లు, ఇతరములు పదకొండు సార్లు. ఇతరముల మీద నా కన్ను ఆగలేదు. బట్టల దుకాణాలేమో అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం సైకాల్ చేలో ఉండగా వాళ్ళ గదిలోకెళ్ళి, పెళ్ళి శాలువాల కింద నుంచి ఆ పిల్ల పాస్‌పోర్ట్ తీసి నా పాత రసాయన శాస్త్రం పుస్తకాల మధ్య దాచాను. ఊరు దాటినా దాటకపోయినా మాకు గుర్తింపు కార్డు అదే. కొడుకు కాపురం కాపాడుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. తర్వాత మెదెర్‌కి ఫోను చేశాను. తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా మా ఇంటికి నెట్ రాకుండా చెయ్యగలవా అని అడిగాను. "ఒక్క నొక్కు ఎజే" అన్నాడు. నొక్కేశాడు.

రెండు రోజులు పోయాక పొద్దున టీ దగ్గర ముసలాయన నన్ను అడిగాడు.

"వేకువ నెట్ రావట్లేదు. ఏమైందో?"

"కోతల్లో నీకు నెట్టెందుకయ్యా? గుర్రాల పోటీలు ఎక్కడికీ పోవు, చలికాలంలో చూసుకో" అన్నాను.

ఆయన రొట్టె తుంచి, తినకుండా పక్కన పెట్టాడు. ఆ ఉదయమే ఆయన బెల్టుకి మేకుతో కొత్త కన్నం పెట్టాను. ఆ నెలలో అది రెండోది. కోతలు మనిషిని పీల్చేస్తున్నాయి అన్నాను. "వయసు" అన్నాడు. కోడలు గిన్నెలో టీ ఎంత పోస్తోందో కొలుస్తున్న నా కళ్ళకి, పక్కన కూర్చున్న మనిషి సగమైపోవడం కనపడలేదు.

సెప్టెంబరు ఆఖరుకి గింజలు ఇంటికి చేరాయి. వాకిట్లో పట్టా పరిచి, తెల్లటి కుప్ప చుట్టూ కూర్చుని, నేనూ సైకాలూ మట్టిగడ్డలూ పగిలిన గింజలూ ఏరుతున్నాం. గింజలు డబ్బాలో పడుతున్న చప్పుడే.

"అపా" అంది సైకాల్. అత్తని అమ్మా అనే పిలుపు అది. తల ఎత్తలేదు. "గురువారానికి నా పాస్‌పోర్ట్ కావాలి."

నేను తీసిన సంగతి తెలిసినట్టే అడిగింది. ఇదిగో వచ్చింది అనుకున్నాను.

"ఎందుకు?"

"ఆసుపత్రిలో రోగితో ఉండేవాళ్ళది అడుగుతారు."

"ఏ రోగి?"

మామగారి పేరు ఆ పిల్ల పలకకూడదు. తల తిప్పి, గడప పక్కన విడిచిన ఆయన బూట్ల వైపు చూసింది. మడమల దగ్గర మట్టి లేదు. నెల రోజులుగా చేలోకి పోతున్న మనిషి బూట్లకి మట్టి లేదు.

"మన పెద్దాయన" అంది.

తర్వాత గింజలు ఏరుతూనే చెప్పింది. జూన్‌లో కాళ్ళ మీద నల్లటి మచ్చలొస్తే ఆయన ఒక్కడే వెళ్ళి పట్నంలో డాక్టరుకి చూపించుకున్నాడట. రక్తం పాడైందని, బిష్కెక్‌లో పెద్ద ఆసుపత్రికి వెళ్ళమని చెప్పారట. ఆయన చేలోకి పోవడం లేదు, అంత దూరం నడవలేడు. చీకట్లో బూట్లేసుకుని ఇంటి వెనక మట్టి కొట్టంలో కూర్చుని, ఇంటి వైఫై అందే మూలకి ఫోను పెట్టుకుని ఆసుపత్రి వాళ్ళకి రాస్తున్నాడు. ఆయన ఫోనుకి విడిగా నెట్ లేదు, పగలైతే నా కంట పడతానని ఆ వేళ తప్ప రాయడు. పాలు పితకడానికి వెళ్ళి సైకాల్ చూసింది. గింజలు ఇంటికి చేరేదాకా నాకు చెప్పొద్దని ఆ పిల్ల చేత ఒట్టు పెట్టించుకున్నాడు. చెబితే మీ అత్త చేను చేనులా వదిలేసి నన్ను భుజానేసుకుని పరిగెడుతుంది అన్నాడట.

గది, తోడుగా ఉండేవాళ్ళ కోసం. నోటరీ, ఇల్లు నా పేర రాయించడానికి.

"మరి ఇతరములు?" అన్నాను.

అనేశాక గానీ నాకు తెలియలేదు. ఆ మాట నాకెలా తెలుసని ఆ పిల్ల అడగాలి. అడగలేదు.

"అది ఆసుపత్రి, అపా" అంది.

లేచి, పుస్తకాల మధ్య నుంచి పాస్‌పోర్ట్ తెచ్చి పట్టా మీద పెట్టాను. సైకాల్ దాని మీద దుమ్ము తుడిచి జేబులో వేసుకుని మళ్ళీ గింజల్లో చెయ్యి పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా మొహం లేకపోయింది.

మర్నాడు మెదెర్ ఆఫీసుకి వెళ్ళాను. బజారు పక్కన ఒక గది, ఒక కంప్యూటరు, కిటికీలో తీగల చుట్టలు. ప్రశాంత గృహం తీసెయ్యమన్నాను. వాడు మంచివాడే, నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు.

"మీ కోడలు కూడా వచ్చింది ఎజే, పదిహేను రోజులైంది. వేకువ నెట్ ఎందుకు ఆగిపోయిందని అడిగింది. మీరే ఆపించారని చెప్పాను. జాబితా సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది."

పదిహేను రోజులు. పదిహేను రోజులుగా ఆ పిల్లకి తెలుసు. పొద్దునా సాయంత్రం మూడు గుక్కలు పోసి నా వైపు జరుపుతూనే ఉంది.

"మా ఇంటి గురించి మీరేం రాసుకుంటున్నారో, ఎవరెవరికి ఇస్తున్నారో కాగితం మీద ఇవ్వండి అంది. కాంట్రాక్టు మీ పేరు మీద ఉంది కాబట్టి ఆవిడకి అడిగే హక్కు లేదని నచ్చజెప్పాను."

"ఆ సైట్లు చూసింది మా ఇంట్లో వాళ్ళు. హక్కు నాదా?"

"మీరు పెట్టిన సంతకమే కదా ఎజే" అన్నాడు మెల్లగా.

"అయితే ఇప్పుడు నేనే అడుగుతున్నా. రాసిందంతా తుడిచెయ్యి."

వాడు తల గోక్కున్నాడు. జాబితా పంపడం ఆపగలడట గానీ రాసింది తుడవడం వాడి చేతిలో లేదట. అంతా పైన ఉంటుందట. పైన ఎవరు చూస్తారురా అంటే చేతులెత్తేశాడు. స్కూల్లో సమీకరణం అడిగినప్పుడు కూడా అలాగే ఎత్తేసేవాడు.

బిష్కెక్ ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నది, మా సైకాల్ కంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. కాగితాలన్నీ తిరగేసి ముసలాయన్ని అడిగింది.

"మీకు సెప్టెంబరులోనే మంచం కేటాయించాం. మూడు రోజుల్లో జవాబివ్వమని రాశాం. ఇంకో రోజు ఎక్కువే చూశాం. ఎందుకివ్వలేదు?"

ముసలాయన టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"మా ఊళ్ళో నెట్ సరిగా ఉండదమ్మా. కోతల కాలం" అన్నాడు.

సైకాల్ నా వైపు చూసింది. ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను, చెప్పెయ్యాలని కోరుకున్నాను కూడా. ఆ పిల్ల ఫ్లాస్కు మూత తిప్పి, మూతలోకి మూడు గుక్కలు వంచి నా చేతికిచ్చింది.

ఆ మంచం వేరేవాళ్ళకి పోయింది. మాకు మళ్ళీ దొరకడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. తర్వాత ఒకసారి డాక్టరమ్మని నడవలో ఒంటరిగా పట్టుకుని, ఆ పద్దెనిమిది రోజులూ ముందొస్తే ఏమైనా తేడా ఉండేదా అని అడిగాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. చెప్పలేం అంది. ముసలాయన మరుసటి ఏడు చిక్కుడు విత్తడం చూడలేదు. చెప్పలేం అన్న ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఇప్పటికీ రోజూ అటూ ఇటూ తిరుగుతాను.

ఆయనకి చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. ఆయన పక్కన కూర్చుని, నెట్ ఆపించింది నేనే అని మొదలెట్టే వాక్యం సిద్ధం చేసుకునేదాన్ని. ఆయన కళ్ళు తెరిచి, గింజలు అమ్మారా, తిలెక్ తిన్నాడా అని అడిగేవాడు. నేను గింజల ధర చెప్పేదాన్ని. సైకాల్ తిలెక్‌కి కూడా చెప్పలేదు. ఆయన దాచమన్నది దాచినట్టే నాదీ దాచింది.

నవంబరులో ఒక విడత మందులయ్యాక ఇంటికి పంపారు. మొదటి మంచు పడిన రోజు మెదెర్ రోగిని చూడ్డానికొచ్చాడు, సంచీ నిండా యాపిల్ పళ్ళు మోసుకుని. ముసలాయన దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. నేను ఆయన పక్కన. సైకాల్ టీ పాత్ర దగ్గర. మెదెర్ చాలాసేపు మంచి మాటలే చెప్పాడు. ఇలాంటి జబ్బులొచ్చి గుర్రమెక్కి తిరుగుతున్న వాళ్ళని ముగ్గురిని లెక్కపెట్టాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగాడు.

"ఎజే, కోతలప్పుడు వేకువ నాలుగు నుంచి ఏడు దాకా నెట్ ఆపమన్నారు కదా. సర్వీసు తీసేశాం గానీ ఆ తాళం అలాగే ఉండిపోయింది, ఇవాళే చూశాను. ఆయన ఇంటికొచ్చారు కదా, ఇక తీసెయ్యనా?"



"నాలుగు నుంచి ఏడు" అన్నాడు ముసలాయన. అది ప్రశ్న కాదు. తనలో తను లెక్క సరిచూసుకున్నట్టు అన్నాడు.

సైకాల్ చెయ్యి చాపి మెదెర్ ముందున్న గిన్నె తీసుకుంది. పొయ్యడం మొదలెట్టింది. సగానికొచ్చింది, ఆపలేదు. అంచు దాకా, ఇంకో చుక్క పడితే పొర్లేటట్టు నింపి, ఒలక్కుండా రెండు చేతులతో వాడి ముందు పెట్టింది. మెదెర్ ఇక్కడ పుట్టి పెరిగినవాడు. వాడి మొహం చెవుల దాకా ఎర్రబడింది. నోరు కాలుతున్నా ఆగకుండా తాగేసి, పెద్దాయన బాగుండాలని రెండు ముక్కలు గొణిగి, టోపీ చేత్తో పట్టుకుని మంచులోకి వెళ్ళిపోయాడు.

నా గిన్నె నా ముందు ఖాళీగా ఉంది. సైకాల్ టీ పాత్ర ఎత్తింది, ఎత్తి నిలబడిపోయింది.

ముసలాయన చెయ్యి చాపాడు. ఆ పిల్ల ఒక క్షణం అర్థంకాక చూసి, పాత్ర ఆయన చేతిలో పెట్టింది. నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన ఎవరికీ టీ పొయ్యగా నేను చూడలేదు. పాత్ర మూత గలగలమంటోంది. ఆయన మొహం చూసే ధైర్యం నాకు లేదు. తల దించుకుని గిన్నె లోపలికే చూస్తూ కూర్చున్నాను. టీ పడుతోంది.

మూడు గుక్కల దగ్గర ఆపాడు.